గడ్డ కరిగింది, గండము గడిచిందా?

పక్షవాతములో ఆగిన రక్తము తిరిగి పారిన తరువాత మెదడును కాపాడుకొనే విధము

మా నాన్నగారు ఆ రోజు పొద్దున్నే ఐదున్నరకు లేచి బోరింగు దగ్గర ముఖము కడుక్కుంటున్నారు. ఎడమ చేతిలోని చెంబు జారి కింద పడింది. వంగి తీసుకోబోయి ఆయనే ఒక ప్రక్కకు ఒరిగిపోయారు. అమ్మ పరుగున వెళ్లి పట్టుకొనేసరికి మూతి వంకర పోయింది, మాట ముద్దముద్దగా వస్తున్నది. పది నిమిషాలలో వీధి వీధంతా మా వాకిట్లో ఉన్నది. నాలుక కింద బి.పి. బిళ్ల పెట్టమని ఒకరు, కాసిని మంచినీళ్లు తాగించమని ఒకరు, పక్షవాతానికి పసరు పోసేవారు ఫలానా ఊళ్లో ఉన్నారు, ఆటో మాట్లాడమని మరొకరు. అందరూ మా మేలు కోరేవాళ్లే. ఆ గుంపులోనుంచి మా ఊరి ఏ.ఎన్.ఎం. అమ్మాయి ముందుకు వచ్చి, “ఏమీ పెట్టొద్దు, ఏమీ పొయ్యొద్దు. పెద్దాయన బాగా ఉండగా ఆఖరుసారి ఎన్నింటికి చూశారు? ఆ టైము రాసుకోండి” అని చెప్పి 108కి ఫోను చేసింది.

ఆ అమ్మాయి మాట విన్నందువలన మూడు గంటలు దాటకముందే పట్నములో పెద్దాసుపత్రికి చేరాము. తల స్కాను తీసి, రక్తస్రావము లేదు, గడ్డ అడ్డుపడిందని చెప్పి, దానిని కరిగించే ఇంజెక్షను ఇచ్చారు. అది చాలక తొడ దగ్గర రక్తనాళములోనుండి సన్నని గొట్టము పంపి ఆ గడ్డను బయటకు లాగివేశారు. మధ్యాహ్నానికి నాన్నగారు ఎడమ చెయ్యి కొద్దిగా ఎత్తారు. మేమంతా కన్నీళ్లు పెట్టుకున్నాము. ఊరికి ఫోను చేసి, “గండము గడిచింది” అని చెప్పేశాము.

మరునాడు సాయంత్రానికి ఆయన మత్తుగా అయిపోయారు. పిలిస్తే పలకడము తగ్గింది. మళ్లీ స్కాను తీశారు. మెదడులో వాపు వచ్చింది, ఒక చోట కొంచెము రక్తము కూడా చిమ్మిందన్నారు. మాకు మతి పోయింది. “గడ్డ పోయిందన్నారు కదండీ, రక్తము బాగా పారుతున్నదన్నారు కదా, మరి ఇదేమిటి?” అని అడిగాము. ఆ నరాల డాక్టరుగారు తొందరపడకుండా మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాట ఇది: “రక్తము ఆగితే మెదడుకు ఒక దెబ్బ. ఆగిన రక్తము తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కసారి రెండవ దెబ్బ. మొదటిది మీరంతా చూశారు. రెండవదాని కోసము మేము రాత్రింబగళ్లు కాపలా కాస్తాము.”

ఆ రెండవ దెబ్బను గురించి, దానినుండి మెదడును కాపాడడానికి లోకములో జరిగిన ప్రయత్నాలను గురించి, మంచము ప్రక్కన కూర్చున్న ఇంటివాళ్లు తెలుసుకోవలసిన సంగతులను గురించి ఈ వ్యాసములో వ్రాస్తున్నాము. మాకు ఆనాడు తెలియనిది మీకు ముందే తెలిస్తే మేలు కదా అని మా ఆశ.

నిమిషానికి 19 లక్షల కణములు

మన శరీరపు బరువులో మెదడు సుమారు నూటికి రెండు వంతులే. కాని మనము పీల్చే ప్రాణవాయువులో దాదాపు అయిదవ వంతు అదే వాడుకుంటుంది. కండరాలకు కొంత నిల్వ ఉంటుంది, ఒక పూట తిండి లేకపోయినా నడుస్తాయి. మెదడుకు అలాటి గాదె లేదు. ఏ నిమిషానికి కావలసినది ఆ నిమిషానికే రక్తము తెచ్చి ఇవ్వాలి.

అమెరికాకు చెందిన జెఫ్రీ సేవర్ అనే వైద్యుడు 2006లో ఒక లెక్క వేశారు. పెద్ద రక్తనాళము మూసుకొని పోయి వైద్యము అందకుండా ఉంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణములు నశిస్తాయని ఆ లెక్క. మెదడులో ఉండే నాడీకణములు మొత్తము 8,600 కోట్లు ఉంటాయని అంచనా గనుక, ఒక్క నిమిషముతో అంతా పోదు. కాని పోయిన కణము తిరిగి రాదు. అందుకే ఆలస్యమైన ప్రతి గంటకు ఒక మాట, ఒక అడుగు, ఒక జ్ఞాపకము చెల్లించవలసి వస్తుంది.

అయితే గడ్డ అడ్డుపడిన చోట అన్ని కణములూ ఒకేసారి చచ్చిపోవు. నడిమి భాగము త్వరగా పోతుంది. దాని చుట్టూ ఉన్న భాగానికి ప్రక్క నాళములనుండి కొద్దికొద్దిగా రక్తము అందుతూ ఉంటుంది. అక్కడి కణములు పనిచేయవు, అట్లని చావవు. గ్రహణమునాడు పూర్తి చీకటి చుట్టూ ఒక మసక నీడ ఉంటుంది కదా, 1970ల చివరిలోను 1981లోను ఆస్ట్రప్ మొదలైన శాస్త్రజ్ఞులు ఈ భాగానికి ఆ నీడ పేరే పెట్టారు. పక్షవాతపు వైద్యమంతా ఆ నీడలో ఉన్న కణములను దక్కించుకోవడానికే.

దక్కించుకొనే మార్గాలు ఇప్పుడు రెండున్నాయి. ఒకటి గడ్డను కరిగించే మందు. ఆల్టెప్లేజ్ అనే మందును మూడు గంటలలోపల ఇస్తే మేలని 1995లో అమెరికా పరిశోధన చూపింది, 1996లో అక్కడ అనుమతి వచ్చింది. నాలుగున్నర గంటల వరకు కూడా పనిచేస్తుందని 2008లో తేలింది. టెనెక్టెప్లేజ్ అనే మరొక మందు ఇప్పుడు మన దేశములోను వాడుకలో ఉన్నది. రెండవది, గొట్టము పంపి గడ్డను బయటకు లాగడము. దీనిని థ్రాంబెక్టమీ అంటారు. 2015లో ఒకే సంవత్సరములో అయిదు పరిశోధనలు దీని మేలును నిరూపించాయి. స్కానులో బ్రతికించదగిన భాగము ఇంకా ఉన్నదని కనబడిన కొందరికి 24 గంటల వరకు కూడా ఇది చేయవచ్చునని 2018లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి.

ఇంత గొప్ప వైద్యము వచ్చిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ అయిదు పరిశోధనలలోని 1,287 మంది వివరాలను కలిపి 2016లో లెక్క చూశారు. మామూలు వైద్యము పొందిన వారిలో మూడు నెలల తరువాత తమ పనులు తాము చేసుకోగలిగినవారు నూటికి 26 మంది, గడ్డ తీయించుకున్నవారిలో నూటికి 46 మంది. ఇది చాలా గొప్ప లాభమే. అయినా గడ్డ తీసిన వారిలో సగానికి పైగా మళ్లీ తమంతట తాము బ్రతకలేకపోయారు. ఎందువలన? కొందరికి అప్పటికే ఆలస్యమైంది. కొందరి గడ్డ పూర్తిగా రాలేదు. మరికొందరికి నాళము చక్కగా తెరుచుకున్నా మెదడు కోలుకోలేదు. ఈ చివరివారి దగ్గరే మన కథ మొదలవుతుంది.

ఎండిన కాలువకు నీరు వదిలినట్లు

వ్యవసాయము చేసేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. నెలల తరబడి ఎండి బీటలు వారిన కాలువకు ఒక్కసారిగా నీరు వదిలితే ఏమవుతుంది? మొదట వచ్చే నీరు చెత్తను, ఒండ్రును తోసుకొని వస్తుంది. ఆ చెత్త పోయి పిల్లకాలువల తూములలో ఇరుక్కుంటుంది. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా చివరి మడికి చుక్క అందదు. ఇంకొక చోట బీటలు వారిన గట్టు నీటి ఒరవడికి తెగి, చేను మునిగిపోతుంది. నీరు రావడము తప్పు కాదు, నీరు లేకపోతే పైరు బ్రతకదు. కాని ఎండి ఉన్నప్పుడు కాలువకు జరిగిన నష్టము నీరు వచ్చినప్పుడే బయటపడుతుంది.

మెదడులోను ఈ రెండూ జరుగుతాయి. 1968లో అమెరికాలో ఏమ్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసినవారు కుందేళ్ల మెదడుకు కొంతసేపు రక్తము ఆపి, తిరిగి వదిలి చూశారు. పెద్ద నాళములు తెరుచుకున్నా కొన్ని భాగాలలోని సన్నని నాళికలలోకి రక్తము వెళ్లనే లేదు. వెంట్రుకకన్నా సన్ననైన ఆ నాళికల గోడలు ఉబ్బిపోయి, వాటిలో రక్తకణములు, చిన్న గడ్డలు ఇరుక్కొని దారి మూసివేస్తాయి. అంతకు ముందే, 1960లో జెన్నింగ్స్ అనే ఆయన కుక్కల గుండె మీద పరిశోధన చేసి, ఆగిన రక్తము తిరిగి వచ్చినప్పుడు కణములకు హాని జరిగే తీరును వివరించారు. అప్పటినుండి వైద్యులు ఈ రెండవ దెబ్బను వేరుగా చూడసాగారు.

కణములోపల జరిగేది కొంచెము తెలుసుకొందాము. రక్తము ఆగగానే కణానికి ఇంధనము నిండుకుంటుంది. ఉప్పును బయటకు తోడే పంపు ఆగిపోయి కణము నీరు పట్టి ఉబ్బుతుంది. గ్లుటమేట్ అనే రసాయనము అదుపు లేకుండా బయటకు చిమ్మి, ప్రక్క కణములలోకి కాల్షియం చొరబడేటట్లు చేస్తుంది. ఆ కాల్షియం వలన కణములోని ఇంధనపు కొలిమి చెడిపోతుంది. సరిగ్గా అప్పుడు రక్తము తిరిగి వస్తుంది, దానితో ప్రాణవాయువు వస్తుంది. చెడిపోయిన కొలిమి ఆ వాయువును మునుపటివలె వాడుకోలేక, కొంత భాగాన్ని ఫ్రీ రాడికల్స్ అనే తీక్షణమైన పదార్థాలుగా మారుస్తుంది. ఇవి నిప్పురవ్వలవంటివి. కణపు పొరను, లోపలి యంత్రాంగాన్ని కాల్చివేస్తాయి.

దీనితోపాటు మెదడుకు, రక్తానికి మధ్య ఉండే రక్షణ గోడ బలహీనపడుతుంది. మామూలుగా ఆ గోడ ఎంతో గట్టిగా ఉండి, మెదడుకు అక్కరలేనిది ఏదీ లోపలికి రానివ్వదు. అది చిల్లులు పడితే నీరు ఊరి వాపు వస్తుంది. ఇంకా చెడితే రక్తమే బయటకు చిమ్ముతుంది. గాయము మాన్పుదామని వచ్చిన తెల్ల రక్తకణములు కూడా అక్కడ గుమిగూడి వాపును పెంచుతాయి. మా నాన్నగారికి మరునాడు జరిగినది ఇదే. పుర్రె గట్టి పెట్టెవంటిది, సాగదు. లోపల వాపు పెరిగితే దానికి పోవడానికి చోటు ఉండదు. అందుకే మనిషి మత్తుగా అవుతాడు.

ఈ భయముతో ఎవరూ ఆ ఇంజెక్షను వద్దనకూడదు. 1995 పరిశోధనలో మందు తీసుకున్నవారిలో నూటికి 6 మందికి పైగా ప్రమాదకరమైన రక్తస్రావము జరిగింది, తీసుకోనివారిలో అది నూటికి ఒకరికన్నా తక్కువ. అయినా మొత్తము మీద మందు తీసుకున్నవారే ఎక్కువమంది బాగుపడ్డారు, వారిలో చావులు కూడా పెరగలేదు. గట్టు తెగుతుందేమోనని కాలువకు నీరే వదలకపోతే పంట అంతా పోతుంది. నీరు వదలాలి, గట్టు మీద కాపలా ఉండాలి.

మందు కోసము వెదుకులాట

ఆ నిప్పురవ్వలను ఆర్పే మందు ఒకటి ఉంటే ఎంత బాగుండును! శాస్త్రజ్ఞులు కూడా అలాగే అనుకున్నారు. 2006 నాటికి ప్రయోగశాలలలో పరీక్షించిన చికిత్సలు 1,026 అని ఒక లెక్క తేల్చింది. వాటిలో 114 మనుషుల దాకా వచ్చాయి. ఎలుకలలో అద్భుతముగా పనిచేసినవి మనుషులలో పనిచేయలేదు. వాటిలో ఒకదానికి ఎన్.ఎక్స్.వై. 059 అని పేరు. ఫ్రీ రాడికల్స్‌ను పట్టి ఆపే మందు అది. 2006లో మొదటి పరిశోధన ఆశ కలిగించింది. 2007లో మూడు వేలమందికి పైగా రోగులతో చేసిన రెండవ పరిశోధనలో ఏ మేలూ కనబడలేదు.

ఎందుకిలా జరిగింది? ప్రయోగశాలలో ఎలుక వయసులో ఉన్నది, ఆరోగ్యముగా ఉన్నది. దెబ్బ తగిలిన నిమిషాలలోనే దానికి మందు ఇచ్చారు. మన ఆసుపత్రికి వచ్చే మనిషికి అరవై డెబ్బై ఏళ్లు, బి.పి., షుగరు, వచ్చేసరికి కొన్ని గంటలు దాటిపోయి ఉంటాయి. పైగా ఆ రోజులలో చాలామందికి గడ్డ తీసే వైద్యము లేదు. నాళము మూసుకొని ఉండగా మందు ఆ చోటికి ఎలా చేరుతుంది?

గడ్డను లాగే పద్ధతి వచ్చాక మళ్లీ ఆశ చిగురించింది. దారి తెరుచుకున్నది గనుక మందు లోపలికి వెళ్లగలదు. నెరినెటైడ్ అనే మందును 8 దేశాలలో 1,105 మందికి పరీక్షించి 2020లో ఫలితము ప్రకటించారు. మొత్తము మీద లాభము లేదు గాని, గడ్డ కరిగించే మందు తీసుకోనివారిలో మేలు ఉన్నట్లు కనబడింది. సరే, అలాటివారికే ఇచ్చి చూద్దామని మరొక పరిశోధన చేస్తే, 2025లో వెలువడిన ఆ ఫలితములోను మేలు కనబడలేదు. జపానులో ఎడరవోన్ అనే మందు 2001నుండి వాడుకలో ఉన్నది. మన దేశములోను కొందరు డాక్టర్లు వాడుతారు. చైనా 2020లో దానికి మరొకటి కలిపిన మందును అనుమతించింది. అయినా పక్షవాతానికి ప్రపంచమంతా ఒప్పుకున్న మెదడు రక్షణ మందు అని దేనినీ ఇంకా చెప్పలేము.

చేతికి బి.పి. పట్టీ చుట్టి, అయిదు నిమిషాలు బిగించి, అయిదు నిమిషాలు వదిలి, ఇలా పలుమార్లు చేస్తే శరీరము అప్రమత్తమై మెదడును కాపాడుకుంటుందేమోనని కూడా చూశారు. చైనాలో 1,776 మందితో చేసి 2022లో ప్రకటించిన పరిశోధనలో నూటికి 62 మందికి బదులు 67 మంది బాగా కోలుకున్నారు. డెన్మార్కులో 2023లో ప్రకటించిన పరిశోధనలో అలాటి లాభము కనబడలేదు. కాబట్టి ఇది ఇంకా పరిశోధనలోనే ఉన్నది, ఇంటి దగ్గర చేసే పని కాదు. పాత పొరపాటునుండి పాఠము నేర్చుకొని, అమెరికాలో ఆరు చికిత్సలను ఒకేసారి పలు ప్రయోగశాలలలో, లావుపాటి ఎలుకల మీద, బి.పి. ఉన్న ఎలుకల మీద కూడా పరీక్షించి 2023లో ఫలితము చెప్పారు. చివరి వరకు నిలిచినది యూరిక్ యాసిడ్. కీళ్లవాపు తెచ్చేదని మనము తిట్టుకొనే పదార్థమే!

“అయితే మందు లేదంటారా?” అని మేము కొంచెము నిరాశగానే అడిగాము. డాక్టరుగారు నవ్వి, “సీసాలో లేదు. మంచము దగ్గర ఉన్నది” అన్నారు.

రక్తపోటు ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే

ఆ మంచము దగ్గరి వైద్యములో మొదటిది బి.పి.ని కాపాడడము. నాళము తెరుచుకున్న తరువాత బి.పి. మరీ ఎక్కువగా ఉంటే బలహీనపడిన గోడలు తెగి రక్తము చిమ్మవచ్చును. అందుకే మొదటి 24 గంటలు 180/105 దాటకుండా చూస్తారు. మరి బాగా తగ్గించివేస్తే ఇంకా మంచిదా? కాదని తేలింది. గడ్డ తీసిన తరువాత పై బి.పి.ని 120కి తక్కువగా ఉంచిన రోగులు ఎక్కువ అవిటితనము పాలయ్యారని 2022లో చైనా పరిశోధన చూపింది. దక్షిణ కొరియాలో 140కి తక్కువ ఉంచి చూసి, 2023లో అదే చెప్పారు. ఇరుకైన సన్న నాళికలలోకి రక్తము ఎక్కాలంటే కొంత ఒత్తిడి ఉండాలి. చివరి మడికి నీరెక్కాలంటే కాలువలో కొంత మట్టము ఉండాలి కదా!

ఇప్పుడు మా వాకిట్లో జరిగిన సంగతి గుర్తు తెచ్చుకోండి. నాలుక కింద బి.పి. బిళ్ల పెట్టి ఉంటే బి.పి. ఒక్కసారిగా పడిపోయి, ఆ మసక నీడలో కొట్టుమిట్టాడుతున్న కణములు ఇంటి దగ్గరే చచ్చిపోయి ఉండేవి. ఆస్ప్రిన్ కూడా ఇంటి దగ్గర వేయరాదు. వచ్చినది గడ్డా, రక్తస్రావమా అనేది స్కాను తప్ప ఎవరూ చెప్పలేరు.

జ్వరము, షుగరు, మింగుడు

రెండవ సంగతి వింటే మీకు ఆశ్చర్యము కలుగుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 పక్షవాత విభాగాలలో ఒక పరిశోధన చేసి 2011లో ప్రకటించారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. నర్సులకు మూడు పనులు పట్టుదలగా చేసే పద్ధతి నేర్పారు, అంతే. మొదటి మూడు రోజులు జ్వరము చూసి 37.5 డిగ్రీలు, అనగా మన లెక్కలో 99.5, రాగానే తగ్గించడము. రక్తములో షుగరు చూసి అదుపు చేయడము. నోటికి ఏదైనా ఇవ్వకముందు రోగి సరిగా మింగగలడో లేదో పరీక్షించడము. ఈ మూడూ చేసిన చోట మూడు నెలల తరువాత చనిపోయినవారు, పరాధీనులైనవారు కలిసి నూటికి 42 మంది. చేయని చోట 58 మంది. కోట్లు ఖర్చుపెట్టి వెదికిన మందులు ఇవ్వలేని మేలు నర్సమ్మల చేతులలో దొరికింది.

కారణము కష్టమైనది కాదు. జ్వరము వస్తే అలసిన కణానికి ఇంధనము ఇంకా ఎక్కువ కావాలి, రక్షణ గోడ ఇంకా సడలుతుంది. షుగరు ఎక్కువైతే ఫ్రీ రాడికల్స్ ఎక్కువవుతాయి, రక్తస్రావపు ముప్పు పెరుగుతుంది. అట్లని షుగరును మరీ తక్కువకు దించినా అదనపు లాభము లేదని 2019లో అమెరికా పరిశోధన తేల్చింది. ఇక మింగుడు సంగతి. గొంతు కండరాలు పడిపోయిన మనిషికి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి నిమ్ము చేస్తుంది. నిమ్ము వలన జ్వరము, జ్వరము వలన మెదడుకు మళ్లీ హాని.

ఈ విషయములో మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండవ రోజు మా మేనత్తగారు ఊరినుండి వస్తూ కొబ్బరినీళ్లు తెచ్చారు. “నిన్నటినుండి గొంతు తడవలేదు, రెండు చెంచాలు పోస్తే ఏమవుతుంది?” అని నర్సు అటు తిరగగానే గ్లాసులో పోశారు. మేమూ అడ్డు చెప్పలేదు. అంతలో ఆ నర్సు చూసి గ్లాసు పట్టుకున్నది. మేనత్తగారికి కోపము వచ్చింది. కాని ఆ సాయంత్రము మింగే పరీక్ష చేసినప్పుడు నాన్నగారు ఒక్క చెంచా నీళ్లకే పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యారు. అప్పుడు మేనత్తగారు ఆ నర్సు చేయి పట్టుకొని, “నా తమ్ముడిని నా ప్రేమే చంపి ఉండేదమ్మా” అని ఏడ్చారు.

రాత్రి నిద్ర లేపడము గురించి కూడా చెప్పాలి. మందు ఇచ్చిన మొదటి రెండు గంటలు పావుగంటకొకసారి, తరువాత ఆరు గంటలు అరగంటకొకసారి, ఆ తరువాత 24 గంటలు నిండేవరకు గంటకొకసారి రోగిని చూడాలని నియమము. పేరు అడుగుతారు, కంటిలో లైటు వేస్తారు, చెయ్యి ఎత్తమంటారు. “పెద్దాయనను కాస్త పడుకోనివ్వమ్మా” అని మేము విసుక్కున్నాము. “పడుకున్నారో, మత్తులోకి పోతున్నారో లేపితేనే కదండీ తెలిసేది!” అన్నది ఆ అమ్మాయి. మరునాడు సాయంత్రము మత్తును ముందుగా కనిపెట్టినది ఆమే. వెంటనే స్కాను తీసి, వాపు తగ్గే మందు ఎక్కించడానికి వీలైంది.

ఇంటివారు చేయవలసినవి

1. ముఖము వంకర పోవడము, చెయ్యి లేదా కాలు పడిపోవడము, మాట తడబడడము – ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కి ఫోను చేయండి. కొద్దిసేపటికి తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్లవలసినదే.

2. మనిషి బాగా ఉండగా ఆఖరుసారి చూసిన సమయము వ్రాసుకోండి. నిద్రలో వస్తే, పడుకోకముందు బాగున్న సమయము చెప్పాలి. వేసుకొనే మందుల చీటీలు, ముఖ్యముగా రక్తము పలచబరచే బిళ్లల సంగతి, వెంట తీసుకొని వెళ్లండి.

3. నోటిలో ఏమీ పెట్టకండి, పోయకండి. పసరు, కషాయము, బి.పి. బిళ్ల, ఆస్ప్రిన్ ఏదీ వద్దు.

4. స్కాను, పక్షవాతపు వైద్యము ఉన్న ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఆపద రాకముందే అడిగి తెలుసుకొని ఉంచుకోండి. స్కాను లేని చోట సెలైను పెట్టించుకొని కూర్చుంటే సమయము పోతుంది.

5. మన ఇళ్లలో ఆపద రాగానే ముందు పాస్టరుగారికి కబురు వెళ్లడము వాడుక. మంచిదే. కాని అందరూ వచ్చి చేరేదాకా మంచము దగ్గర ఆగకండి. ప్రార్థన వాహనములోను చేయవచ్చును.

6. వైద్యము అయిన తరువాత మొదటి మూడు రోజులు నర్సులకు మీరు రెండవ జత కళ్లు. కొత్తగా తలనొప్పి, వాంతి, మత్తు, చెయ్యి మళ్లీ పడిపోవడము, ఒళ్లు వెచ్చబడడము కనిపిస్తే వెంటనే చెప్పండి. “పొద్దున చూస్తారులే” అనుకోకండి.

7. చూడవచ్చినవారిని గుంపుగా లోపలికి పంపకండి. రహస్యముగా జావ, ఇడ్లీ, కొబ్బరినీళ్లు పెట్టనివ్వకండి.

8. ఇంటికి వచ్చాక బి.పి., షుగరు మందులు, డాక్టరు వ్రాసిన గడ్డ కట్టనివ్వని మందు మానకండి. చుట్ట, బీడీ, సారా మానిపించండి. చెప్పిన వ్యాయామము రోజూ చేయించండి.

మా నాన్నగారు అయిదవ రోజున కళ్లు తెరచి అమ్మను పేరు పెట్టి పిలిచారు. నలభై ఏళ్లలో ఎన్నడూ పేరు పెట్టి పిలువని మనిషి! అమ్మ సిగ్గుపడి కొంగు అడ్డము పెట్టుకున్నది. ఇప్పుడు ఆయన కర్ర పట్టుకొని చేను గట్టు దాకా నడుస్తారు. ఎడమ చేతి వేళ్లతో చొక్కా గుండీ మాత్రము పెట్టుకోలేరు, అది అమ్మ పెడుతుంది. పోయినది కొంత ఉన్నది, దక్కినది ఎక్కువ ఉన్నది.

ఆ ఏ.ఎన్.ఎం. అమ్మాయి వాకిట్లో చెప్పిన ఒక్క మాట, ఆ రాత్రి నర్సు మా విసుగును ఓర్చుకొని వేసిన లైటు, ఈ రెండింటి మధ్య మా నాన్నగారు దక్కారు. మెదడును కాపాడే మందు ఒకనాడు తప్పక వస్తుందని శాస్త్రజ్ఞులు శ్రమిస్తూనే ఉన్నారు. అది వచ్చేదాకా తొందరగా ఆసుపత్రికి చేర్చే కాళ్లు, మెలకువగా కాపలా కాసే కళ్లు, నర్సు మాట వినే చెవులు మన దగ్గరే ఉన్నాయి. ఈ పేజీని చించి గోడకు అంటించుకుంటారో, ఇరుగుపొరుగుకు చదివి వినిపిస్తారో మీ ఇష్టము. గడ్డ కరిగిన రోజున సంతోషించండి. మరి మూడు రోజులు మాత్రము గట్టు మీదనుండి కదలకండి.